గుండెలో స్టెంటు... ఎదురుగా అయస్కాంతం!

విజిట్ వీసా మీద ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే మన ఇళ్ళలో పండగే. సూట్‌కేసు తెరవగానే ఆవకాయ, కందిపొడి, సున్నుండలు, పిల్లలకి కొత్తబట్టలు. వాటి అడుగున ఒక ప్లాస్టిక్ డబ్బాలో నెలల తరబడి సరిపోయే మందులు. బీపీకి ఒకటి, షుగరుకి రెండు, రక్తం గడ్డకట్టకుండా ఒకటి. ఈ చివరిది కనిపించిందంటే చాలాసార్లు దాని వెనక ఒక కథ ఉంటుంది. "మూడేళ్ళ కిందట గుండెనొప్పి వస్తే స్టెంటు వేశారు."

అంతా సవ్యంగా ఉన్నంతకాలం ఆ స్టెంటు సంగతి ఎవరికీ గుర్తుండదు. ఒకరోజు నడుంనొప్పి కాలికి పాకుతుంది. లేదా మోకాలు వాచి అడుగు పడదు. డాక్టరు "ఎమ్మారై తీయించండి" అంటాడు. అక్కడి నర్సు ఒక ఫారం చేతికిచ్చి "ఒంట్లో లోహం ఏమైనా ఉందా?" అని అడుగుతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు గాభరా. అంత పెద్ద అయస్కాంతం గుండెలో ఉన్న ఇనప స్ప్రింగుని లాగేస్తే? అది కాలిపోతే? చోటు తప్పితే? ఇంట్లో ఒకరు వద్దంటారు, ఫోన్లో ఇండియా నుంచి ఇంకొకరు అసలే వద్దంటారు. తీయాల్సిన స్కానింగు వారం వెనక్కి పోతుంది.

నేను డాక్టర్ని కాను. ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్లతో కాపురం చేస్తున్నవాణ్ణి. కొత్త పరికరం పాత సిస్టంతో పడుతుందా, పడదా అని చూడటమే నా ఉద్యోగం. స్టెంటుకీ ఎమ్మారైకీ మధ్య ఉన్నది కూడా అలాంటి కంపాటిబిలిటీ ప్రశ్నే. అందుకే ఈ విషయం నన్ను ఆకట్టుకుంది. జవాబు ముందే చెప్పేస్తాను. ఈనాడు వాడుకలో ఉన్న గుండె స్టెంట్లు వేయించుకున్నవాళ్ళకి, తయారీదారు చెప్పిన షరతులు పాటిస్తే, ఎమ్మారై తీయవచ్చు. ఎందుకు తీయవచ్చో, ఆ షరతులేమిటో, అసలు భయపడాల్సింది దేనికో తీరిగ్గా మాట్లాడుకుందాం.

పేరు పళ్ళ డాక్టరుది, పని గుండెది

స్టెంటు అన్న మాట 19వ శతాబ్దపు ఇంగ్లీషు దంతవైద్యుడు చార్లెస్ స్టెంట్ ఇంటిపేరు. ఆయన పళ్ళ అచ్చులు తీయడానికి ఒక ముద్దలాంటి పదార్థం తయారుచేశాడు. తర్వాతి కాలంలో సర్జన్లు, ఒంట్లో ఏ భాగాన్నయినా కదలకుండా పట్టి ఉంచే ఆధారానికి ఆ పేరే వాడుకున్నారు. మన సౌదీలో దీన్ని అరబిక్‌లో "దిఆమా" అంటారు. అంటే ఊత, ఆసరా. అర్థం చెప్పే పేరంటే ఇదీ!

1977 సెప్టెంబరులో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు జ్యూరిచ్‌లో తొలిసారిగా గుండె రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, దాని చివరి బెలూన్ ఉబ్బించి, పూడుకున్న దారి తెరిచాడు. అదే యాంజియోప్లాస్టీ. కానీ బెలూన్ తీసేశాక కొందరిలో ఆ దారి మళ్ళీ ముడుచుకుపోయేది. గోడ కూలకుండా పందిరి గుంజ కావాలి కదా! 1986 మార్చిలో ఫ్రాన్సులోని తులూజ్‌లో జాక్ ప్యుయెల్ మనిషి గుండె రక్తనాళంలో మొదటి స్టెంటు అమర్చాడు. ఆ ఏడాదే స్విట్జర్లాండులోని లోజాన్‌లో ఉల్‌రిష్ సిగ్వార్ట్ కూడా అదే పని చేశాడు. 1999లో బ్రెజిల్ డాక్టరు ఎడ్వార్డో సౌజా మందు పూసిన స్టెంటుని మొదటిసారి మనిషికి అమర్చాడు. 2003లో ఆ రకానికి అమెరికా అనుమతి వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా వేస్తున్నది మందు పూసిన రకమే.

చూడటానికి స్టెంటు అంటే బాల్‌పెన్ రీఫిల్ కంటే కాస్త లావుగా విచ్చుకునే చిన్న జల్లెడ గొట్టం. దాని తీగలు మిల్లీమీటరులో పదోవంతు మందం అటూ ఇటూ. బరువు చూస్తే ఒక బియ్యపు గింజంత. దాన్ని లోపల విప్పేటప్పుడు బెలూన్‌లో పది వాతావరణ పీడనాల పైనే ఒత్తిడి పెడతారు. మన కారు టైరులో ఉండేది రెండున్నరకి మించదు. అంత ఒత్తిడితో గోడకి అదిమేశాక స్టెంటు అక్కడే కూర్చుంటుంది. వారాలు గడిచేకొద్దీ రక్తనాళపు లోపలి పొర దాని మీదుగా పెరిగి కప్పేస్తుంది.

ఉక్కు మన మాటే, స్టెంటూ మన ఊళ్ళో పుట్టింది

గుండెకీ లోహానికీ ఉన్న ఈ బంధంలో మన హైదరాబాద్‌కి ఒక పేజీ ఉంది. 1990లలో స్టెంట్లన్నీ విదేశాల నుంచే వచ్చేవి. మధ్యతరగతి కుటుంబానికి ఆ ధర అందేది కాదు. అప్పట్లో రక్షణ పరిశోధనలో ఉన్న అబ్దుల్ కలాం, హైదరాబాద్ గుండె వైద్యుడు డాక్టర్ బి. సోమరాజు కలిసి, క్షిపణుల కోసం నేర్చుకున్న లోహవిద్యని గుండె దగ్గరికి తెచ్చారు. అలా వచ్చిందే "కలాం-రాజు స్టెంటు". క్షిపణుల పరిశోధనలో పనిచేసిన అరుణ్ తివారీ కూడా ఆ కృషిలో ఉన్నారు. తర్వాత కలాంగారి ఆత్మకథ రాయడానికి తోడ్పడింది కూడా ఆయనే. అగ్ని క్షిపణి కోసం తయారుచేసిన తేలికైన పదార్థంతో పోలియో పిల్లలకి కాలి పట్టీలు చేయించిన ముచ్చట కలాంగారు చాలాచోట్ల చెప్పేవారు. మూడు కిలోల ఇనప పట్టీల బరువు 300 గ్రాములకి దిగింది. సోమరాజుగారికి 2001లో పద్మశ్రీ వచ్చింది. 2002లో కలాంగారు రాష్ట్రపతి అయ్యారు.

స్టెంటు ధర గురించి ఇంకో మాట. 2017 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం స్టెంట్లకి గరిష్ట ధర పెట్టింది. మామూలు లోహపు స్టెంటుకి 7,260 రూపాయలు, మందు పూసినదానికి 29,600 రూపాయలు. అంతకు ముందు లక్ష దాటి కట్టిన కుటుంబాలకి ఆ వార్త ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు.

అన్నట్టు, పిల్లలూ! ఇంగ్లీషు పుస్తకాల్లో "వూట్జ్" అనే పాతకాలపు మేలిరకం ఉక్కు గురించి చదివే ఉంటారు. ఆ పేరు మన "ఉక్కు" అన్న మాట నుంచే వచ్చిందని చెబుతారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఆ ఉక్కుకి పేరుపడ్డ ఊరు. పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కెళ్ళేవారు. మీ స్కూల్లో "ముహన్నద్" అనే అరబ్ స్నేహితుడు ఉంటే వాడికి ఈ సంగతి చెప్పండి. అరబిక్‌లో ఆ మాటకి అర్థం "హింద్ ఉక్కుతో చేసిన కత్తి" అని. వాడి పేరులో మన దేశం ఉంది!

ఎమ్మారై అంటే కోట్ల బొంగరాల కచేరీ

మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే. ప్రతి నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు. ఒక్కో హైడ్రోజన్ గుండెకాయ లాంటి ప్రోటాన్ ఒక బుల్లి బొంగరంలా, బుల్లి అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. మామూలుగా ఈ బొంగరాలు సంతలో జనంలా ఎటు పడితే అటు తిరిగి ఉంటాయి. పెద్ద అయస్కాంతం మధ్య పడుకుంటే, వాటిలో కొద్ది భాగం ఎక్కువగా దాని దిక్కుకి మొగ్గుతాయి. మొగ్గి, ఊరికే ఉండకుండా, వేగం తగ్గిన బొంగరంలా తల తిప్పుతూ ఉంటాయి.

ఆ తల తిప్పే వేగానికి సరిగ్గా సరిపోయే రేడియో తరంగం పంపితే అవి ఆ శక్తిని పీల్చుకుంటాయి. తరంగం ఆపగానే తిరిగి సన్నని రేడియో సంకేతం ఇస్తాయి. కొవ్వులో ఉన్న బొంగరం ఒక తీరుగా, కండలో ఉన్నది ఇంకో తీరుగా, వాపు ఉన్నచోట వేరే తీరుగా సంకేతం ఇస్తుంది. కంప్యూటరు వాటిని కూర్చి బొమ్మగా మారుస్తుంది. ఎక్స్‌రే లేదు, సీటీ స్కానులో ఉండే కిరణాలూ లేవు.

1.5 టెస్లా మిషన్‌లో ఆ రేడియో తరంగం సుమారు 64 మెగాహెర్ట్జ్, 3 టెస్లా మిషన్‌లో సుమారు 128. మనం కారులో వినే ఎఫ్.ఎం. రేడియో 88 నుంచి 108. అంటే మన పాటల స్టేషన్లు సరిగ్గా ఈ రెండింటి మధ్యలో ఉన్నాయన్నమాట! అందుకే ఎమ్మారై గదికి చుట్టూ లోహపు కవచం ఉంటుంది. బయటి రేడియో లోపలికి రాకూడదు.

ఈ ఆలోచనకి బొమ్మ రూపం ఇచ్చింది అమెరికాలో పాల్ లాటర్‌బర్, ఇంగ్లండులో పీటర్ మాన్స్‌ఫీల్డ్. లాటర్‌బర్ వ్యాసం 1973లో వచ్చింది. 30 ఏళ్ళ తర్వాత, 2003లో, ఇద్దరికీ వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. 1977లో మనిషి మొత్తాన్ని పట్టే మొదటి మిషన్‌తో స్కాన్ తీసిన రేమండ్ డమేడియన్‌కి అందులో వాటా దక్కలేదు. ఆ గొడవ పేపర్ల దాకా ఎక్కింది.

1.5 టెస్లా అంటే ఎంత? దిక్సూచిలో ముల్లుని తిప్పే భూమి అయస్కాంత బలానికి సుమారు 30 వేల రెట్లు. అంత బలం రావడానికి నియోబియం-టైటానియం తీగల చుట్టని ద్రవ హీలియంలో ముంచి, మైనస్ 269 డిగ్రీల చలిలో ఉంచుతారు. ఆ చలిలో తీగకి విద్యుత్ నిరోధం ఉండదు. ఒకసారి కరెంటు ఎక్కిస్తే అది తిరుగుతూనే ఉంటుంది. ఇందులో మనం గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. స్కానింగు జరగనప్పుడు కూడా, రాత్రి గది తాళం వేసినప్పుడు కూడా, ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది.

పిల్లల కోసం వంటింటి ప్రయోగం

ఫ్రిజ్ మీద అంటించిన బొమ్మ అయస్కాంతం ఒకటి తీసుకోండి. అమ్మని అడిగి వంటింట్లోకి వెళ్ళండి. ముందు దోసెల పెనానికి పెట్టండి. పెనం ఇనుముది అయితే టక్కున అంటుకుంటుంది. అల్యూమినియం గిన్నెకి పెట్టండి. అంటుకోదు. ఇప్పుడు స్టీలు పప్పు గిన్నెకి, టిఫిన్ క్యారియర్‌కి, గరిటెకి, చాకుకి పెట్టి చూడండి. కొన్ని స్టీలు సామాన్లకి అంటుకుంటుంది, కొన్నిటికి అంటుకోదు. రెండూ స్టీలే. రెండింటిలోనూ ఎక్కువ భాగం ఇనుమే. మరి ఈ తేడా ఎందుకు?

సంగతి పరమాణువుల వరసలో ఉంది. మామూలు ఇనుములో పరమాణువులు ఒక రకమైన వరసలో కూర్చుంటాయి. ఆ వరసలో ఉన్నప్పుడు వాటి చిన్న చిన్న అయస్కాంత శక్తులన్నీ ఒకే దిక్కుకి తిరిగి, కలిసికట్టుగా లాగుతాయి. దానికి తగినంత నికెల్ కలిపితే వరస మారిపోతుంది. కొత్త వరసలో ఆ కట్టు ఉండదు. ఈ రకాన్ని ఆస్టెనైట్ అంటారు. మంచి పప్పు గిన్నె అలాంటిదే. పాత స్టెంట్లలో వాడిన 316 ఎల్ స్టీలూ అలాంటిదే. అందులో దాదాపు మూడింట రెండొంతులు ఇనుమే, అయినా అయస్కాంతం దాన్ని పట్టించుకోదు. కొత్త స్టెంట్లలో ఎక్కువగా కోబాల్ట్-క్రోమియం, ప్లాటినం-క్రోమియం మిశ్రమాలు వాడుతున్నారు. కాళ్ళ రక్తనాళాల్లో, మెడ రక్తనాళాల్లో వేసేవి చాలావరకు నికెల్-టైటానియం కలిపిన "నిటినాల్". నొక్కి వదిలితే తన రూపం తనే గుర్తు తెచ్చుకుని విచ్చుకునే లోహం అది.

కాబట్టి ఎవరైనా "స్టెంటు ఇనపది" అంటే, మీరు "మన పప్పు గిన్నె లాంటిది, దోసెల పెనం లాంటిది కాదు" అని చెప్పండి.

లాగుతుందా? కాలుతుందా? కనిపిస్తుందా?

ఈ మూడూ వేరువేరు ప్రశ్నలు. మనవాళ్ళు మూడింటినీ కలిపేసి భయపడుతుంటారు.

లాగుతుందా? ఇందాక చెప్పిన కారణం వల్ల స్టెంటు మీద పడే లాగుడు అతి స్వల్పం. దాన్ని గోడకి అదిమి పెట్టిన బలం ముందు అది లెక్కలోకి రాదు. అయినా మొదట్లో డాక్టర్లు జాగ్రత్త పడ్డారు. లోపలి పొర పెరిగి స్టెంటుని కప్పేదాకా ఆగుదామని, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాతే ఎమ్మారై తీసేవారు. 2003లో అమెరికా మేయో క్లినిక్ వైద్యులు, స్టెంటు వేసిన ఎనిమిది వారాలలోపే ఎమ్మారై తీయించుకున్న 111 మంది వివరాలు పరిశీలించారు. ఆ స్కానింగు వల్ల ముప్పు పెరిగిన జాడ కనిపించలేదు. 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఒక ప్రకటన ఇచ్చింది. పరీక్షించి లేబుల్ ఇచ్చిన గుండె స్టెంట్లు ఉన్నవారికి 3 టెస్లా వరకు, స్టెంటు వేసిన తర్వాత ఎప్పుడైనా ఎమ్మారై తీయవచ్చని దాని సారాంశం. అయినా "ఆరు వారాలు ఆగాలి" అన్న మాట ఇప్పటికీ మన బంధువుల నోట వినిపిస్తుంది. సాఫ్ట్‌వేరులో పాత వెర్షన్ మాన్యువల్ ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంటుంది కదా, ఇదీ అంతే!

కాలుతుందా? రేడియో తరంగాలు లోహంలో కరెంటు పుట్టించగలవు. పొడవాటి తీగ అయితే యాంటెన్నాలా పనిచేసి చివర్లు వేడెక్కుతాయి. ఈ వేడి బాగా పెరగాలంటే తీగ పొడవు ఒంట్లో ఆ తరంగపు పొడవులో సగానికి దగ్గరగా ఉండాలి. 1.5 టెస్లాలో అది సుమారు 25 సెంటీమీటర్లు, 3 టెస్లాలో దాదాపు 13. గుండె స్టెంటు పొడవు సాధారణంగా ఒకటి నుంచి నాలుగైదు సెంటీమీటర్లు. అందుకే వేడి తక్కువ. పైగా పక్కనే పారుతున్న రక్తం దాన్ని చల్లబరుస్తుంది. ఒకదానికొకటి అతికేలా రెండు మూడు స్టెంట్లు వరసగా వేసి ఉంటే పొడవు కలుస్తుంది. కాబట్టి ఎన్ని స్టెంట్లు, ఎక్కడ అన్నది చెప్పడం ముఖ్యం. తయారీదారు కాగితంలో "ఇంత టెస్లా వరకు, ఇంత రేడియో శక్తి వరకు, ఇన్ని నిమిషాల వరకు" అని రాసేది ఈ వేడి లెక్క కోసమే.

కనిపిస్తుందా? ఇక్కడే స్టెంటు తన లోహబుద్ధి చూపిస్తుంది. చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని అది కాస్త వంకర చేస్తుంది. అంతేకాక దాని జల్లెడ తీగలు పంజరంలా పనిచేసి రేడియో తరంగాలని లోపలికి సరిగ్గా పోనివ్వవు. ఫలితంగా బొమ్మలో స్టెంటు ఉన్నచోట ఒక నల్లటి మచ్చ పడుతుంది. అది చూసి "బ్లాకు మళ్ళీ వచ్చింది" అని కంగారు పడకండి. "లోపల అంతా బాగుంది" అని ధైర్యమూ పడకండి. ఆ మచ్చ రెండింటిలో ఏదీ చెప్పదు. స్టెంటు లోపల దారి మూసుకుందో లేదో తెలియాలంటే యాంజియోగ్రామ్, కొన్ని సందర్భాల్లో సీటీ యాంజియోగ్రామ్ కావాలి. నడుముకీ మోకాలికీ మెదడుకీ తీసే ఎమ్మారైలో మాత్రం గుండె దగ్గరి ఈ మచ్చ అడ్డం రాదు. గుండె కండ ఎంత బతికి ఉందో చూడటానికి స్టెంటు ఉన్నవాళ్ళకీ ఎమ్మారై తీస్తారు.

పచ్చ, పసుపు, ఎరుపు

2005 నుంచి ఒంట్లో అమర్చే పరికరాలకి మూడు గుర్తులు వాడుతున్నారు. పచ్చ చతురస్రం అంటే ఎమ్మారైకి ఏ ఇబ్బందీ లేనిది. పసుపు త్రికోణం అంటే షరతులతో సరే. ఎరుపు వృత్తం అంటే ఆ గదిలోకి వద్దే వద్దు. లోహపు స్టెంట్లు పసుపు త్రికోణం కిందికి వస్తాయి. కార్డు మీద "కండిషనల్" అన్న మాట చూసి బెదిరిపోయేవాళ్ళు ఉన్నారు. లోహంలో కరెంటు పారుతుంది కనుక దానికి పచ్చ గుర్తు ఇవ్వరు, అంతే. పసుపు అంటే ప్రమాదం అని కాదు, కాగితం చదివి పని చెయ్యమని.

మరి అసలు భయం దేనికి?

2001లో న్యూయార్క్ రాష్ట్రంలో ఆరేళ్ళ బాబు ఎమ్మారై మిషన్‌లో ఉండగా, గదిలోకి తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ ఎగిరొచ్చి తగిలి ప్రాణం పోయింది. 2018 జనవరిలో ముంబైలోని ఒక ఆస్పత్రిలో బంధువు కోసం సిలిండర్ పట్టుకుని లోపలికి వెళ్ళిన 32 ఏళ్ళ యువకుడు చనిపోయాడు. 2025 జులైలో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో మెడలో బరువైన లోహపు గొలుసుతో గదిలోకి అడుగుపెట్టిన 61 ఏళ్ళ మనిషిని మిషన్ లాగేసింది. ఈ మూడింటిలోనూ ప్రాణం తీసింది ఒంట్లో ఉన్న స్టెంటు కాదు, గదిలోకి వెళ్ళిన లోహం. తాడుని చూసి పాము అనుకుని, పక్కనే ఉన్న పాముని తొక్కే పని మనం చేయకూడదు.

అందుకే తోడు వెళ్ళేవాళ్ళు కూడా జేబులన్నీ ఖాళీ చేయాలి. ఫోను, తాళాలు, ఏటీఎం కార్డు బయటే ఉంచాలి. మన ఆడవాళ్ళు ముఖ్యంగా చూసుకోవాల్సింది పిన్నీసు! గాజులకో, గొలుసుకో, జాకెట్టుకో తగిలించి మర్చిపోతారు. అది ఇనుముదే, అయస్కాంతానికి ఇట్టే లొంగుతుంది. బంగారం, వెండి ఎగిరిపోవు. కానీ వేడెక్కవచ్చు, బొమ్మ పాడవచ్చు. మంగళసూత్రం, మెట్టెలు, పట్టీలు, తాయెత్తు, మొలతాడు అన్నీ తీయమంటారు. మంగళసూత్రం తీయడానికి అమ్మలు నొచ్చుకుంటారు. ఆ కాసేపు పసుపుకొమ్ము కట్టిన దారం వేసుకోవచ్చు, ఏ ఇబ్బందీ లేదు.

ఒంట్లో ఉండేవాటిలో స్టెంటు కంటే ఎక్కువ జాగ్రత్త కావాల్సినవి వేరే ఉన్నాయి. పాతకాలపు మెదడు క్లిప్పులు, పేస్‌మేకర్, చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్, ఇన్సులిన్ పంపు. ఎమ్మారైకి సరిపడే పేస్‌మేకర్లు ఇప్పుడు ఉన్నాయి. అమెరికాలో మొదటిదానికి 2011లో అనుమతి వచ్చింది. అయినా ఏ మోడల్ అన్నది డాక్టరు చూసి తీరాలి. ఇక మన గల్ఫ్ అన్నదమ్ములకి ఒక మాట. వెల్డింగు, గ్రైండింగు పని ఎప్పుడైనా చేసి ఉంటే, కంట్లో ఇనప రజను పడిన అనుభవం ఉంటే తప్పకుండా చెప్పండి. కంట్లో మిగిలిపోయిన చిన్న ఇనప ముక్క కదిలితే చూపే పోవచ్చు. ముందుగా కంటికి ఎక్స్‌రే తీసి చూస్తారు. "ఎప్పుడో పదేళ్ళ కిందటి సంగతి కదా" అని దాచకండి.

తాళం ఇక్కడ, బీరువా అక్కడ

మన హఫర్ అల్ బాతిన్‌లోనే జరిగిన సంగతి ఒకటి చెబుతాను. తెలిసిన కుటుంబం. తెనాలి నుంచి వచ్చిన పెద్దాయనకి ఒక సాయంత్రం రెండు కాళ్ళూ తిమ్మిరెక్కాయి. రాత్రికి మూత్రం బిగుసుకుపోయింది. వెన్నులో నరాల కట్ట నలిగిపోతోందేమోనని డాక్టరుకి అనుమానం. అది గంటల లెక్కన చూడాల్సిన వ్యవహారం. వెంటనే ఎమ్మారై కావాలి. ఫారంలో స్టెంటు అని రాయగానే "ఏ కంపెనీ, ఏ మోడల్, ఏ సంవత్సరం?" అని అడిగారు. అడగడం వాళ్ళ బాధ్యత. అబ్బాయికి తెలిసింది ఒక్కటే, "మంచిదే వేశారండీ, ఖరీదైనదే."

డిశ్చార్జి కాగితాలు తెనాలిలో బీరువాలో ఉన్నాయి. బీరువా తాళం పెద్దాయన మొలతాడుకి వేలాడుతూ సౌదీలో ఉంది! ఇక్కడ రాత్రి పది, అక్కడ పన్నెండున్నర. పక్కింటి బాబాయిగారిని నిద్రలేపారు, ఆయన వెళ్ళి తాళాలు చేసేవాణ్ణి నిద్రలేపాడు. బీరువా తెరిచి, పెళ్ళి ఆల్బమ్ కింద ఉన్న ఫైలు తీసి, కాగితం ఫొటో పంపేసరికి ఇక్కడ అర్ధరాత్రి. కోబాల్ట్-క్రోమియం స్టెంట్లు రెండు, షరతులు స్పష్టంగా ఉన్నాయి. అరగంటలో స్కానింగు మొదలైంది, తెల్లారి ఆపరేషన్ జరిగింది. పెద్దాయన ఇప్పుడు చేతికర్ర పట్టుకుని రోజూ మసీదు మలుపు దాకా నడిచి వస్తున్నారు. "తాళం మాత్రం ఇంక కోడలికే ఇచ్చేశాను" అంటారు నవ్వుతూ.

కాగితం దొరక్కపోతే స్కానింగు అసలు చేయరా? చేయవచ్చు. స్టెంటు వేసిన సంవత్సరం, రోగి పరిస్థితి, ఆగితే వచ్చే నష్టం బేరీజు వేసి రేడియాలజిస్టు నిర్ణయిస్తారు. కానీ ఆ బేరీజుకి పట్టే సమయం మనది కాదు, నలిగే నరానిది.

బీరువాలోంచి ఫోనులోకి

హఫర్ నుంచి రియాద్ అయినా దమ్మామ్ అయినా నాలుగైదు గంటల ప్రయాణం. పెద్ద ఆస్పత్రికి పంపాల్సి వస్తే దారిలో కాగితాలు వెతుక్కోలేం. ఐటీలో బ్యాకప్ లేని డేటా అసలు లేనట్టే లెక్క. ఇంట్లోనూ అదే సూత్రం.

1. స్టెంటు కార్డు, డిశ్చార్జి సమ్మరీ, యాంజియోప్లాస్టీ రిపోర్టు ఫొటో తీసి ఇంట్లో కనీసం ముగ్గురి ఫోన్లలో ఉంచండి. స్టెంటు పెట్టె మీది స్టిక్కరు ఫైలులో అంటించి ఉంటే దాన్ని దగ్గరగా ఫొటో తీయండి. మోడల్, నంబరు అందులోనే ఉంటాయి.

2. కార్డు పోయిందా? స్టెంటు వేసిన ఆస్పత్రి రికార్డుల విభాగానికి తేదీ, పేషెంటు నంబరు చెప్పి నకలు అడగండి. టికెట్ కొనకముందే ఈ పని పూర్తిచేయండి.

3. ఒక్క కాగితం మీద ఇంగ్లీషులో రాసి పర్సులో పెట్టండి: ఎన్ని స్టెంట్లు, ఎక్కడ, ఎప్పుడు, ఏ మందులు, ఏ ఎలర్జీ. అరబిక్‌లో చెప్పాల్సి వస్తే "ఫీ దిఆమా ఫిల్ కల్బ్" అనండి. గుండెలో స్టెంటు ఉందని అర్థం. ఎమ్మారైని "రనీన్ మగ్నాతీసీ" అంటారు.

4. ఎమ్మారై కోసం రక్తం గడ్డకట్టకుండా వాడే మందు మానకండి. మందు పూసిన స్టెంటు వేసిన తొలి నెలల్లో ఆ మాత్ర ఆపితే స్టెంటులో గడ్డ కట్టి ప్రాణం మీదికి రావచ్చు. ఊరి నుంచి తెచ్చిన డబ్బా అయిపోతుంటే అదే మందు ఇక్కడ ఏ పేరుతో దొరుకుతుందో రెండు వారాల ముందే డాక్టర్ని అడగండి.

5. కిడ్నీ సమస్య ఉంటే చెప్పండి. బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే ఇంజక్షన్ విషయంలో అది ముఖ్యం.

6. మిషన్ చప్పుడు గట్టిగా ఉంటుంది, డప్పు పక్కన పడుకున్నట్టే. చెవులకి రక్షణ ఇస్తారు. చేతిలో పిలుపు బటన్ ఉంటుంది. స్టెంటు దగ్గరైనా మరెక్కడైనా వేడిగా, నొప్పిగా అనిపిస్తే వెంటనే నొక్కమని పెద్దవాళ్ళకి ముందే తెలుగులో చెప్పండి.

7. గుండెనొప్పి, మాట తడబాటు, మూతి వంకర లాంటివి వస్తే రెడ్ క్రెసెంట్ 997కి ఫోన్ చేయండి. "ముందు ఇంటివైద్యం చూద్దాం" అని ఆగకండి.

మన ఊరి పేరులో "హఫర్" అంటే తవ్వకం, "బాతిన్" అంటే లోపలి భాగం. ఈ ఎడారిలో లోపలి నీటి కోసం ఒకప్పుడు బావులు తవ్వారు. మనిషి లోపలి నీటి కబురుని ఏ తవ్వకమూ లేకుండా చెప్పే యంత్రం ఎమ్మారై. దాని ముందుకు భయంతో కాకుండా, కాగితంతో వెళ్దాం. ఈ వారాంతం ఇండియాకి ఫోన్ చేసినప్పుడు "భోజనం చేశారా?" తర్వాత ఇంకో ప్రశ్న కూడా అడగండి. "నాన్నా, నీ స్టెంటు కార్డు ఎక్కడుంది? ఒక ఫొటో పంపించు."